ప్రయోజనం, నైతికత

నలుగురికీ మేలు చేసే పని ధర్మమైన పని కూడా అవుతుందా అన్నది నీతిశాస్త్రంలో ఎప్పటికీ తెగని తగవు. దుర్యోధనుడు పుట్టినప్పుడే, వంశ క్షేమం కోసం ఆ బిడ్డను విడిచిపెట్టమని విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పినట్టు మహాభారతం ఆదిపర్వంలో ఉంది.

చర్య మంచిదో చెడ్డదో అది కలిగించే సుఖదుఃఖాలను బట్టే తేల్చాలని ఇంగ్లండ్‌కు చెందిన జెరెమీ బెంథామ్ 1789లో వెలువడిన గ్రంథంలో వాదించాడు. అంతకు నాలుగేళ్ల ముందే, ఏ మనిషినీ కేవలం సాధనంగా వాడుకోకూడదని జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ గిరి గీశాడు. 1861లో జాన్ స్టూవర్ట్ మిల్ బెంథామ్ తరహా ఉపయోగితావాదంలోనే న్యాయానికీ హక్కులకూ చోటు చూపబోయాడు.

ఈ తగవు 1884లో కోర్టుకెక్కింది. ఇంగ్లండ్ నుంచి సిడ్నీకి బయలుదేరిన మిన్యొనెట్ అనే చిన్న ఓడ జులై 5న దక్షిణ అట్లాంటిక్‌లో మునిగింది. కెప్టెన్ టామ్ డడ్లీ, నావికులు స్టీఫెన్స్, బ్రూక్స్, 17 ఏళ్ల పనికుర్రాడు రిచర్డ్ పార్కర్ పడవలోకి చేరారు. తాగునీరు లేదు. తిండికి రెండు డబ్బాల టర్నిప్ దుంపలు, తర్వాత దొరికిన ఒక తాబేలు. ఇరవయ్యో రోజు ప్రాంతంలో, జబ్బుపడి సోలిపోయి ఉన్న పార్కర్‌ను స్టీఫెన్స్ సమ్మతితో డడ్లీ చంపాడు. ముగ్గురూ ఆ మాంసం తిన్నారు. నాలుగు రోజులకు ఒక జర్మన్ ఓడ వాళ్లను కాపాడింది. తమకు భార్యాబిడ్డలున్నారు, కుర్రాడికి ఎవరూ లేరన్నది డడ్లీ వేసుకున్న లెక్క. చీట్లు వేయనేలేదు, పార్కర్‌ను అడగనూ లేదు.

జనం సానుభూతి నావికుల వైపే ఉంది. అయినా ఎవరి ప్రాణం విలువ ఎంతో ఏ కొలతతో తూస్తారని ప్రధాన న్యాయమూర్తి లార్డ్ కోల్‌రిడ్జ్ నిలదీశాడు. అందరికన్నా బలహీనుణ్ణే ఎంచుకున్నారని ఎత్తిచూపాడు. ఆయన వేలు పెట్టిన చోటే అసలు చిక్కు ఉంది: ప్రయోజనం లెక్క ఎంతమంది బతుకుతారో చెప్పగలదు, చావాల్సినవాణ్ణి ఎంచే హక్కు ఎవరిదో చెప్పలేదు. డిసెంబరులో డడ్లీ, స్టీఫెన్స్‌లకు పడిన మరణశిక్షను తర్వాత ఆరు నెలల జైలుకు తగ్గించారు.

1860 నాటి భారత శిక్షాస్మృతి 81వ సెక్షన్‌లోనూ ఓడ ఉదాహరణే ఉండేది. తన తప్పేమీ లేకుండానే 20, 30 మంది ఉన్న పడవను గుద్దే పరిస్థితి వచ్చి, వాళ్లను తప్పించడానికి కెప్టెన్ దారి మళ్లిస్తే ఇద్దరున్న మరో పడవకు ప్రమాదం రావచ్చు. హాని చేసే ఉద్దేశం లేకుండా, సద్భావంతో మళ్లిస్తే అది నేరం కాదు. అక్కడ ఆ ఇద్దరూ తప్పించుకునే వీలుంది. పార్కర్‌కు అది లేదు, అతని చావే మిగతావారికి ఆహారం. ఈ తేడా చాలా పెద్దదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 2024 జులై 1 నుంచి ఆ శిక్షాస్మృతి స్థానంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్ కూడా ఇదే ఉదాహరణను నిలుపుకుంది.

1967లో తత్వవేత్త ఫిలిప్పా ఫుట్, అదుపు తప్పిన ట్రామ్‌ను ఎక్కువ మందిని తప్పించి ఒకరి వైపు మళ్లించే ఉదంతాన్ని, అల్లర్లు ఆపడానికి నిరపరాధిని బలిచ్చే న్యాయమూర్తి ఉదంతం పక్కన పెట్టి, రెండింటిలోనూ లెక్క ఒకటే అయినా రెండోది మనకెందుకు మింగుడుపడదని ప్రశ్నించింది. నేల మీది జనాన్ని కాపాడేందుకు హైజాక్ అయిన విమానాన్ని కూల్చడానికి వీలిచ్చిన జర్మనీ చట్ట నిబంధనను ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం 2006 ఫిబ్రవరి 15న కొట్టేసింది. లోపలి ప్రయాణికులను ఇతరుల రక్షణకు వస్తువులుగా వాడడం మానవ గౌరవానికి విరుద్ధమని చెప్పింది. వాళ్లు ఎలాగూ చనిపోతారన్న వాదనను ఒప్పుకోలేదు.