బావను ఓడించి... సభను కాదని

1952 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్ర కాంగ్రెస్‌కు తగిలింది చిన్న దెబ్బ కాదు. 375 స్థానాల్లో 152 దక్కాయి. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాయే ఓడిపోయారు. అనంతపురం ఫలితంలో మాత్రం రాజకీయంతో పాటు చుట్టరికమూ ఉంది. అక్కడ ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడు నీలం సంజీవరెడ్డిని ఓడించిన కమ్యూనిస్టు స్వయానా ఆయన బావమరిది, తరిమెల నాగిరెడ్డి. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మ నాగిరెడ్డి తోబుట్టువే.

1917లో తరిమెలలో భూస్వామి ఇంట పుట్టిన నాగిరెడ్డి రిషివ్యాలీలో, మద్రాసు లయోలాలో, ఆ తర్వాత కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివారు. అంత చదువూ చదివి ఊరికొచ్చి రైతుల్ని, కూలీల్ని కూడగట్టారు. యుద్ధం వల్ల జనం మీద పడే ఆర్థిక భారం గురించి పుస్తకం రాస్తే 1940లో తెల్లదొరల సర్కారు జైల్లో పెట్టింది. లెక్కలతో కొట్టే అలవాటు అప్పటిదే.

మద్రాసు సభలో రాజాజీ ముఖ్యమంత్రి, 35 ఏళ్ల నాగిరెడ్డి ప్రతిపక్ష నాయకుడు. 1957లో అనంతపురం నుంచి లోక్‌సభకు, 1962లో పుట్లూరు నుంచి, 1967లో మళ్లీ అనంతపురం నుంచి హైదరాబాదు అసెంబ్లీకి వెళ్లారు. మరొకరైతే ఇక పదవికి ఢోకా లేదనుకుని స్థిరపడేవారు. ఆయనకు మాత్రం సభ మీద నమ్మకం సడలింది. కౌలు, బంజర్లు, భూగరిష్ఠ పరిమితి గురించి ఎన్ని చర్చలు జరిగినా భూమి మాత్రం చేతులు మారలేదు. 1961 పరిమితి చట్టం సంగతి తెలిసిందే, కాగితం మీద పరిమితి, పొలంలో పాత యజమాని. 1968లో మార్క్సిస్టు పార్టీతో తెగతెంపులయ్యాయి. 1969 మార్చిలో శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. పార్టీ మారడానికి కాదు, మంత్రి పదవి రాలేదనీ కాదు. ఈ సభతో పేదవాడి బతుకు మారదని సభలోనే చెప్పి మరీ బయటికి నడిచారు. ఫిరాయింపుల కాలంలో పెరిగిన మనకు ఇది వింతగానే తోస్తుంది.

ఆ ఏడాది చివర్లో మద్రాసులో అరెస్టు చేసి, హైదరాబాదు కుట్ర కేసు పెట్టారు. కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలమే తర్వాత 'తాకట్టులో భారతదేశం' పుస్తకమైంది. నన్నడిగితే, ఆయనలోని శాసనసభ్యుణ్ణి వెతకాల్సింది అందులోనే. పేజీలకు పేజీలు విదేశీ పెట్టుబడులు, అప్పులు, సహాయ ఒప్పందాలు, భూమి లెక్కలు. తప్పుపట్టింది సర్కారును, సాక్ష్యంగా నిలబెట్టింది సర్కారు వారి నివేదికలనే. బడ్జెట్ పద్దుల మీద మాట్లాడటానికి పుస్తకాలు తిరగేసిన మనిషి చేతి పనితనం అది. సభను కాదన్నారు కానీ సభ నేర్పిన విద్యను వదల్లేదు.

జైలు నుంచి బయటికొచ్చాక, ఎమర్జెన్సీలో అజ్ఞాతంలోకి వెళ్లారు. పోలీసులు వెతుకుతుండగానే 1976 జూలై 28న హైదరాబాదు ఉస్మానియా ఆస్పత్రిలో కన్నుమూశారు. ఏడాదికి బావ సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.