లూప్‌కు రెండు హద్దులు

ఒక ఫిషింగ్ మెయిల్‌లో ఇరవై లింకులుంటే సెక్యూరిటీ ప్లేబుక్ (ముందే రాసిపెట్టిన చర్యల క్రమం) వాటిని జాబితాగా తీసుకుని, ఒక్కొక్క దాని గురించి ఆరా తీసి, చెడ్డదని తేలితే అడ్డుకుంటుంది. 2019లో పాలో ఆల్టో నెట్‌వర్క్స్ కొనుక్కున్న డెమిస్టో లాంటి సాధనాలతో ఈ లూప్ కోడ్ రాయనివాళ్ల చేతికీ వచ్చింది. సౌకర్యం కొత్తదే, దాని చిక్కు మాత్రం పాతది. లూప్ ఎప్పుడు ఆగాలో చెబితే సరిపోదు, ఆగేలోపు ఎంత నష్టం చేయగలదో కూడా ముందే కట్టడి చేయాలి. ఈ రెండో హద్దును మరిచినప్పుడల్లా ఇంటర్నెట్ మూల్యం చెల్లించింది.

1988 నవంబర్ 2న వదిలిన మోరిస్ వార్మ్ (యంత్రం నుంచి యంత్రానికి తనంతట తాను పాకే ప్రోగ్రామ్), యంత్రంలో తన ప్రతి ఇప్పటికే ఉందా అని అడిగేది. నిర్వాహకులు ‘ఉంది’ అని అబద్ధం చెప్పించవచ్చన్న అనుమానంతో, దాని రచయిత ఏడింట ఒకసారి అది ఆ జవాబును పట్టించుకోకుండా ఉండిపోయేలా రాశారు. ఆ ఒక్క మినహాయింపుతో ప్రతులు గుట్టలుగా పేరుకుని యంత్రాలు మొరాయించాయి. అది దాడి చేసిన ప్రోగ్రామ్ కదా, రక్షణ లూప్‌కు ఆ పోలిక ఎందుకని అడగవచ్చు. 2003 ఆగస్టు నాటి వెల్చియా అనే వార్మ్ ఆ ప్రశ్నకు జవాబు. బ్లాస్టర్ వార్మ్‌ను తొలగించి, మైక్రోసాఫ్ట్ ప్యాచ్ తెచ్చి వేయడమే దాని పని. 2004 రాగానే తనను తాను చెరిపేసుకునే ఏర్పాటూ అందులో ఉంది. అంటే ఆగే షరతు ఉంది. అయినా కొత్త యంత్రాల కోసం అది పంపిన పింగ్‌ల వరదలో నెట్‌వర్క్‌లే స్తంభించాయి. మేలు చేసే ఉద్దేశం భారాన్ని ఒక్క ప్యాకెట్ కూడా తగ్గించలేదు.

దాడులు క్షణాల్లో పాకుతుంటే హద్దులు పెట్టుకుని కూర్చోగలమా అన్నది బలమైన అభ్యంతరమే. 2003 జనవరిలో ఎస్‌క్యూఎల్ స్లామర్ వార్మ్ మొదట్లో ఎనిమిదిన్నర సెకన్లకోసారి రెట్టింపైంది. అయితే దాన్ని అడ్డుకోవడానికి నిర్వాహకులు వాడిన ప్రధాన ఆయుధం యంత్రం వెంట యంత్రం తిరిగే లూప్ కాదు, యూడీపీ 1434 పోర్టు మీద పెట్టిన ఒక్క ఫిల్టర్. వేగం అవసరమైన చోట కూడా లూపే దిక్కు కాదన్నమాట. పైగా తీర్పే తప్పయితే వేగం శత్రువవుతుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీకి ప్రాణమైన ఫైలును వైరస్ అనుకుని, ఎన్నో సంస్థల కంప్యూటర్లను ఒకే రోజున పడగొట్టింది. అందుకే ప్లేబుక్‌లో ఆరా తీసే లూప్‌ను, అడ్డుకునే లూప్‌ను ఒకే గాటన కట్టకూడదు. మొదటిది జాబితా చివరిదాకా తనంతట తాను తిరగవచ్చు. రెండోది ఒక చిన్న సంఖ్య దాటగానే ఆగి, డ్యూటీలో ఉన్న అనలిస్ట్ అనుమతి అడగాలి.