అలంకరణ ద్రవ్యముల ఆయుర్దాయము

ఆషాఢమాసము వచ్చినంతనే గోరింటాకు కోసి తెచ్చి, కొంచెము చింతపండు చేర్చి రోటిలో మెత్తగా రుబ్బి, ఆ రాత్రికే అరచేతులకును వ్రేళ్లకొనలకును పెట్టుకొనుట మన తెలుగిండ్ల చిరకాలాచారము. ఆ ముద్దను నాలుగునాళ్లు దాచి పెట్టినచో చేయి పండదని చెప్పుటకు ఏ శాస్త్రజ్ఞుడును రానక్కఱలేకపోయెను. ఆకు నలిగి పులుపు తగిలినపుడు వెలువడు రంగు, గాలి సోకినకొలది క్షీణించును. కాటుక సంగతి ఇందుకు భిన్నము. ఆముదపు దీపముపై పళ్లెము బోర్లించి, పట్టిన మసిని గీకి, ఆముదముతోనో నేతితోనో మెదిపి భరిణె కెత్తినచో అది నెలల తరబడి నిలుచుచుండెను. అందు నీరు లేకపోవుటయే ఇందులకు కారణము. అయినను నేయి కలిపినది కాలక్రమమున కంపుగొట్టును గనుక మూత తీసి వాసన చూచుచుండిరి. చేసినవారును పెట్టుకొనువారును ఒక యింటివారే యగుటచే ఆ ద్రవ్యమున కెన్నినాళ్లు నిండినవో వేఱుగా వ్రాసి యుంచవలసిన పని లేకుండెను. ఈ తెలివిడి ఇల్లు దాటి అంగడికి పోయిన వృత్తాంతమే అలంకరణ ద్రవ్యముల వ్యాపారచరిత్రలో నాకు మిక్కిలి ముఖ్యముగా దోచును.

క్రీ.శ. 2వ శతాబ్దమున గ్రీకు వైద్యుడు గేలెన్ పేర ప్రసిద్ధికెక్కిన లేపనమున తేనెమైనము, ఆలివ్ నూనె, పన్నీరు ఉండెను. నేటి కోల్డ్ క్రీమునకు అదియే మూలము. నీరు విడిపోవుటయు, నూనె చెడి వాసన వేయుటయు దాని జన్మదోషములు. 19వ శతాబ్దమున రాతినూనె నుండి తీసిన పదార్థములు వచ్చి ఈ చిక్కును చాలవఱకు తీర్చినవి. ఛీస్‌బ్రో అను అమెరికా రసాయనవేత్త 1872లో వాసెలిన్‌కు పేటెంటు పొందెను. ఆపై గింజల నూనెలకు మాఱుగా ఖనిజతైలమును వాడిన క్రీములు కంపెక్కక చిరకాలము నిలిచి, ఓడలెక్కి దూరదేశములకు పోగలిగినవి. కొనువారికి వాని పుట్టిన దినము తెలియకపోవుటయు నాటినుండియే.

గోళ్ల రంగు కథ వేఱొక త్రోవ. మోటారుకార్లకు పూయు నైట్రోసెల్యులోజ్ వార్నిషు విద్యయే గోళ్లకును వచ్చెను. 1932లో రెవ్సన్ సోదరులు, లాఖ్‌మన్ అను రసాయనవేత్తతో కూడి రెవ్లాన్ సంస్థను స్థాపించి, పలుచని అద్దకపు రంగులకు బదులు దట్టమైన వర్ణచూర్ణములతో నెయిల్ పాలిష్ అమ్మిరి. ఇందు నీరు లేదు గనుక సూక్ష్మజీవులు బ్రదుకుట దుర్లభము. ఇది మురిగి చెడదు, ఎండి చెడును. మూత తెఱచినపుడెల్ల బ్యూటైల్ ఎసిటేట్ వంటి ద్రావకములు ఆవిరియై పోవ, సీసాలోనిది చిక్కబడి తీగలు సాగును.

నీరున్న వస్తువుల విషయము ఇంత తేలిక కాదు. 1970ల దశకమున అమెరికాలో, వాడుకలోనున్న మస్కారాలో పెరిగిన సూడోమోనాస్ అను సూక్ష్మజీవి, కుంచె తగిలి గీచుకొన్న కనుగ్రుడ్డుపైకి చేరి పుండ్లు పుట్టించిన ఉదంతములు వైద్యులను కలవరపఱచినవి. మూతపెట్టిన డబ్బీకి ఒక వయస్సు, తెఱచినదానికి మఱియొక వయస్సు ఉండునని లోకము గ్రహించుట కిట్టివి తోడ్పడినవి. 2003లో ఐరోపా సమాఖ్య, ముప్పది నెలలు మించి నిలుచు సరకులపై తెఱచిన డబ్బీ బొమ్మయు, తెఱచిన పిమ్మట ఎన్ని నెలలు వాడవచ్చునో ఆ సంఖ్యయు ముద్రింపవలెనని శాసించెను. మన దేశమున 1940 నాటి ఔషధచట్టములో అలంకరణ ద్రవ్యములు చేరుట 1962 నాటి సవరణతోనే. 2020 నాటి నియమావళి ప్రకారము ఎప్పటిలోగా వాడవలెనో నెల, సంవత్సరములతో అట్టపై ఉండవలెను.

అయినను అంగడి అద్దము వెనుక ఎండకు కాగిన సీసా వృత్తాంతమును ఆ ముద్ర చెప్పజాలదు. గోళ్ల రంగు సీసాను రెండు అరచేతుల నడుమ దొర్లించి చూచినచో, అడుగున దిగిన చూర్ణము కలిసిపోయి కుంచెనుండి బొట్టు నిదానముగా జాఱిన అది ఇంకను పనికివచ్చును. గడ్డ కట్టి కదలకున్నచో అసిటోన్ పోసి పలుచన చేయుట వ్యర్థము, ఆ పూత గోటిపై నిలువదు.