సీసా చెప్పే చరిత్ర, సీసా చేసే హెచ్చరిక

మీ ఇంటి అటకమీద తాతగారి కాలపు గాజు సీసా ఏదైనా ఉన్నదా? పాత సామాన్లవానికి వేసేముందు దానిని ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి. మన ఊళ్ళ వ్యాపార చరిత్ర, ఆరోగ్య చరిత్ర రెండూ దానిలో ఉంటాయి.

గోదావరి డెల్టాలో సీసాల కథ రామచంద్రపురం తలచుకోకుండా సాగదు. 1919లో అద్దూరి రామచంద్రరాజు గారు అక్కడ ప్రారంభించిన సోడా వ్యాపారమే తరువాత ఆర్టోస్ అనే పానీయంగా పేరుపొందింది. కోకాకోలా 1977లో దేశం విడిచి, 1993లో తిరిగి వచ్చింది. ఆ తరువాతి పోటీలో అనేక ప్రాంతాల సొంత పానీయాలు కనుమరుగైనా ఆర్టోస్ నిలబడింది. అటువంటి స్థానిక సంస్థల పాత సీసా ఒక్కటి భద్రపరచినా ఊరి జ్ఞాపకాన్ని భద్రపరచినట్లే.

గోలీసోడా సీసా సంగతి మరీ విచిత్రం. ఇంగ్లండుకు చెందిన హైరం కాడ్ 1872లో దానికి పేటెంటు పొందాడు. సీసాను తలకిందులుగా ఉంచి నింపితే, లోపలి వాయువు ఒత్తిడికి గోలీ మెడలోని రబ్బరు వలయానికి అతుక్కొని మూతగా నిలుస్తుంది. గోలీల కోసం పిల్లలు సీసాలు పగులగొట్టడంవల్ల పాతవి అరుదయ్యాయి. సీసా వయస్సు తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. ప్రక్కనున్న అచ్చు గీత మూతి అంచుదాకా సాగితే అది సాధారణంగా యంత్రంపై తయారైనది. మూతి క్రిందనే ఆగిపోతే చేతితో మూతి దిద్దిన పాతకాలపుది కావచ్చు.

వైద్యునిగా నన్ను ఎక్కువగా ఆకర్షించేవి మందు సీసాలు. ఒకప్పుడు రోగులు సర్కారు ఆసుపత్రికి ఖాళీ సీసా వెంట తీసుకువెళ్ళేవారు. కాంపౌండరు దానిలో మిక్చరు పోసి, మోతాదులు తెలిసేలా గాట్లు పెట్టి కత్తిరించిన కాగితపు పట్టీ అతికించేవాడు. చదువురాని వారికి ఆ గాట్లే అక్షరాలు. వెలుతురుకు చెడిపోయే మందులకు గోధుమరంగు గాజు వాడేవారు. ఇంగ్లండులో విషపదార్థాలకు నీలం, ఆకుపచ్చ రంగుల గరుకు సీసాలు వాడుకలోకి వచ్చాయి. చీకటిలో తడిమినా అది విషమని వేళ్ళకు తెలియాలన్నది వారి ఉద్దేశం.

అంటే సీసాయే ఒక భాష. ఆ భాషను నేడు మనమే చెరిపివేస్తున్నాము. 1971 నాటి నిబంధనల ప్రకారం పురుగుమందు డబ్బాలపై విషతీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ముద్రిస్తారు. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చగానే ఆ హెచ్చరిక మాయమవుతుంది. దప్పికగొన్న పసివాడికి అది కూల్‌డ్రింకే. కిరోసిన్ సంగతీ అంతే. అది ఊపిరితిత్తులలోకి చేరితే ప్రమాదకరమైన న్యుమోనియా కలుగుతుంది. అటువంటప్పుడు బిడ్డచేత బలవంతంగా వాంతి చేయించకండి. వాంతిలో అది మళ్ళీ ఊపిరితిత్తులలోకి పోవచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయండి. తాగిన సీసాను కూడా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

సేకరణాభిలాషులకు ఒక మనవి. పాత మందు సీసాలో ఏదైనా మిగిలి ఉంటే వాసన చూడకండి, రుచి చూడకండి, కాలువలో పారబోయకండి. మూత తీయకుండా, పిల్లలకు అందని చోట ఉంచి, తెలిసిన ఫార్మసిస్టును సంప్రదించండి. ఖాళీ సీసాలను చేతి తొడుగులతో కడిగి ఆరబెట్టండి. ఎవరి దుకాణానిది, ఏ ఊరిది, ఎవరు ఇచ్చారు అన్న వివరాలు చీటీమీద వ్రాసి కట్టండి. చీటీ లేని సీసా వట్టి గాజు మాత్రమే.

ఈ సాయంత్రం మీ వంటింటిలో, పశువులపాకలో, పొలం గదిలో ఒకసారి వెదకండి. తాగే పానీయపు సీసాలో తాగకూడనిది ఉన్నదేమో చూడండి. ఉంటే ఈ పూటే తొలగించండి.