ఫిజీ రగ్బీ: ఆటగాళ్ళకి కొదవ లేదు, మరి ఇల్లు?

రగ్బీ అంటే మనలో చాలామందికి కోడిగుడ్డు ఆకారం బంతితో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కుమ్ముకునే ఆట, అంతవరకే. పేపర్లో క్రికెట్ తప్ప ఇంకో ఆట వార్త చదవని జనం మనం, ఏం చేస్తాం! కానీ ఫిజీ రగ్బీ జట్టు కథ మాత్రం సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇట్టే ఎక్కుతుందని నా నమ్మకం. ఎందుకంటే ఇది ఆట కథ కన్నా, మంచి పనివాళ్ళని తయారుచేసి బయటి దేశాలకి పంపి, తర్వాత తన పనికి తనే మనుషుల్ని వెతుక్కునే ఒక చిన్న దేశం కథ.

జనాభా ఇంచుమించు 9 లక్షలు. అంటే విశాఖపట్నంలో సగం. వీళ్ళ మొదటి అంతర్జాతీయ మ్యాచ్ 1924లో, సమోవాలోని ఏపియాలో జరిగింది. పొద్దున్న ఏడింటికే మొదలెట్టేశారట, ఆట అవగానే సమోవా వాళ్ళు పనిలోకి పోవాలి మరి. మైదానం మధ్యలో ఓ చెట్టు కూడా ఉందట! ఫిజీ 6-0తో గెలిచింది. ఆ తర్వాత 1952లోనూ 1954లోనూ ఆస్ట్రేలియాని వాళ్ళ దేశంలోనే ఓడించింది. 1977లో బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టయిన లయన్స్ సువాలో దిగితే 25-21తో ఇంటికి పంపింది. అప్పట్లో ఈ ఆటకి జీతాలు లేవు. అందరూ ఊళ్ళో వాళ్ళే, అందరికీ వేరే పనులుండేవి. కాబట్టి చిన్న దేశానికీ పెద్ద దేశానికీ తేడా కొంత తక్కువ.

ఇక్కడ మనవాళ్ళ ప్రస్తావన ఒకటి రావాలి. ఫిజీ మొదటి గవర్నర్లలో ఆర్థర్ గోర్డన్ అనే ఆయన, స్థానిక ఫిజీయన్లు పల్లెలు వదిలి చెరకు తోటల్లో కూలికి పోకూడదని నిర్ణయించాడు. మరి తోటల్లో ఎవరు చెయ్యాలి? అందుకోసం 1879 నుంచి 1916 దాకా దాదాపు 60 వేలమందిని ఇండియా నుంచి ఓడలెక్కించారు. 1903 నుంచి మద్రాసు నుంచి కూడా ఓడలు వెళ్ళాయి, వాటిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళ వారసులు ఫుట్‌బాల్ పట్టుకున్నారు, రగ్బీ మాత్రం స్థానిక ఫిజీయన్ల ఆటగా ఉండిపోయింది. ఒకే దేశం, రెండు మైదానాలు.

1987 వచ్చేసరికి ఆ గీత ఇంకా లోతుగా పడింది. మే 14న లెఫ్టినెంట్ కల్నల్ సితివేని రబూకా, భారత సంతతి వాళ్ళ మద్దతుతో అప్పుడే గెలిచిన ప్రభుత్వాన్ని సైనిక కుట్రతో కూలదోశాడు. ఆ రబూకా ఒకప్పుడు ఫిజీ తరఫున రగ్బీ ఆడినవాడే! (2022 చివర్లో ఎన్నికల తర్వాత మళ్ళీ ప్రధాని అయ్యాడు, అది వేరే కథ.) సరిగ్గా ఎనిమిది రోజులకి న్యూజిలాండ్‌లో మొట్టమొదటి రగ్బీ ప్రపంచకప్పు మొదలైంది. ఫిజీ అర్జెంటీనాని 28-9తో ఓడించి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది. అక్కడ ఫ్రాన్స్‌తో ఆటలో కొరొదుఅదుఆ అనే కుర్రాడు బంతిని ఒంటిచేత్తో పట్టుకుని గీత వైపు దూసుకుపోతూ... జారవిడిచాడు. ఫిజీ 31-16తో ఓడిపోయింది. ఇక్కడ దేశంలో భారత సంతతి వాళ్ళు వేలమంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకి వెళ్ళిపోవడం మొదలైంది.

అసలు దెబ్బ మాత్రం 1995లో పడింది. ఆ ఏడు రగ్బీ అధికారికంగా డబ్బుల ఆట అయింది. మరుసటి ఏడు దక్షిణార్ధగోళంలో మొదలైన సూపర్ 12 పోటీలో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా జట్లకే చోటు. ఫిజీకి లేదు. అంటే రగ్బీ ఉద్యోగమైన రోజున ఫిజీలో ఆ ఉద్యోగం లేదు. ఇంకేముంది, అందరూ ఆన్‌సైట్!

దాని ఫలితం ఒక్క మ్యాచ్‌లో చూడొచ్చు. 2005లో న్యూజిలాండ్ ఫిజీని 91-0తో చిత్తు చేసింది. ఆ రోజు న్యూజిలాండ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడుతూ నాలుగు ట్రైలు కొట్టిన సితివేని సివివాతు పుట్టింది సువాలో. ఫ్రెంచ్ క్లబ్ క్లెర్మోఁ అయితే ఏకంగా ఫిజీలోని నద్రోంగాలోనే అకాడమీ పెట్టింది. అక్కడ తేలిన నకైతాచి, రాకా తర్వాత ఫ్రాన్స్ జాతీయ జట్టుకే ఆడారు. ఆ కుర్రాళ్ళని తప్పుపట్టే మొహం మనకైతే లేదు. ఇంటికి డబ్బు పంపాలి, బాధ్యతలున్నాయి. నాకు చిరాకు కలిగించేది వేరే. దేశానికి ఆడాల్సి వస్తే క్లబ్బు ఆటగాణ్ణి వదలాలని రూలుంది. కానీ వచ్చే ఏడు కాంట్రాక్టు ఇచ్చేది కూడా ఆ క్లబ్బే కదా. మన లీవ్ పాలసీ లాంటిదే: కాగితం మీద సెలవులన్నీ ఉంటాయి, ప్రాజెక్ట్ రిలీజ్ ముందు అడిగి చూడండి తెలుస్తుంది.

మరి ఒలింపిక్స్ బంగారాల సంగతేమిటని అడగొచ్చు. 2016 రియోలో ఏడుగురి రగ్బీలో ఫిజీ బ్రిటన్‌ని 43-7తో ఓడించింది. దేశ చరిత్రలోనే మొదటి ఒలింపిక్ పతకం అది. దాని గుర్తుగా 7 డాలర్ల నోటు అచ్చేశారు! 2021లో టోక్యోలో మళ్ళీ బంగారమే. కానీ అది పద్నాలుగు నిమిషాల ఆట. వేగం, చేతివాటం, తెగింపు ఉంటే చాలావరకు నడుస్తుంది. పదిహేనుమంది ఆటలో స్క్రమ్ ఉంటుంది. ఎనిమిదిమంది ఒక్క మనిషిలా తొయ్యాలి. నెలల తరబడి రోజూ కలిసి తోస్తేనే అది కుదురుతుంది. నాలుగు దేశాల్నుంచి విమానాల్లో దిగి వారంలో అతుక్కోమంటే ఎలా?

అందుకే 2022లో వచ్చిన మార్పు నాకు అన్ని పతకాల కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఫిజియన్ ద్రువా అనే సొంత ప్రొఫెషనల్ జట్టుకి సూపర్ రగ్బీలో చోటు దొరికింది. మరుసటి ఏడు మార్చిలో, చెరకు మిల్లు ఊరు లౌతోకాలో, క్రూసేడర్స్ లాంటి ఉద్దండుల్ని 25-24తో ఓడించారు. ఆ ఏడే జాతీయ జట్టు లండన్‌లో ఇంగ్లండ్‌ని 30-22తో మొట్టమొదటిసారి గెలిచింది. ప్రపంచకప్పులో ఆస్ట్రేలియాని 22-15తో, అరవై తొమ్మిదేళ్ళ తర్వాత. ఆ రోజు గోల్‌కి కిక్కులు కొట్టిన కురువోలి ద్రువా కుర్రాడే. క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ చేతిలో 30-24తో పోయింది గానీ, అది అదృష్టంతో చేరిన క్వార్టర్ ఫైనల్ కాదు. 2024లో కార్డిఫ్‌లో వేల్స్ మీద, 2025లో సువాలో స్కాట్లండ్ మీద గెలుపులు దానికి కొనసాగింపే.

ఇకముందు సంగతి. 2026లో మొదలయ్యే నేషన్స్ చాంపియన్‌షిప్‌లో పన్నెండు జట్లలో ఫిజీ ఒకటి. రెండేళ్ళకోసారి పెద్ద జట్లతో ఖాయంగా మ్యాచ్‌లు, వందేళ్ళ నుంచి అడుగుతున్నది ఇదే. అయితే జులైలో వేల్స్, ఇంగ్లండ్, స్కాట్లండ్‌లతో ఫిజీ "సొంతగడ్డ" మ్యాచ్‌లుగా పెట్టినవి ఎక్కడో తెలుసా? కార్డిఫ్, లివర్‌పూల్, ఎడింబరో! లెక్కలు నాకూ అర్థమవుతాయి. బ్రిటన్ స్టేడియంలో వచ్చే టికెట్ డబ్బు సువాలో రాదు. కానీ ఆటగాళ్ళ తర్వాత ఇప్పుడు మైదానాన్నే ఆన్‌సైట్‌కి పంపినట్టయింది.

అర్జెంటీనాని చూడండి. వాళ్ళ సూపర్ రగ్బీ జట్టు హాగ్వారెస్ 2020లో మూతపడింది. ఆటగాళ్ళు యూరప్‌లో చెల్లాచెదురయ్యారు. అయినా 2023 ప్రపంచకప్పులో సెమీస్ చేరారు. 2012 నుంచి పెద్ద జట్లతో ఏటా ఆడుతున్నారు, ఆ జట్లు బ్యూనస్ ఏర్స్, మెండోసాలకి వచ్చి ఆడుతున్నాయి. అక్కడి కుర్రాడు తన దేశం జట్టుని కళ్ళారా చూస్తూ పెరుగుతున్నాడు. ఫిజీకి ఇప్పుడు ద్రువా ఉంది, ఖాయమైన మ్యాచ్‌లు ఉన్నాయి, మూడోదే లేదు. నా మటుకు నాకు, ఆ మూడింటిలో ఒక్కటైనా సువా మైదానంలో పెట్టి నష్టాన్ని పన్నెండు జట్లూ పంచుకుంటే ఏం పోయేది అనిపిస్తుంది.

2027 ప్రపంచకప్పు ఆస్ట్రేలియాలో. ఫిజీ గ్రూపులో స్పెయిన్, కెనడా, ఇంకా... అర్జెంటీనా. 1987లో 28-9తో ఓడించిన జట్టే. ఈసారి మాత్రం నేను అర్జెంటీనా వైపే ఒక ఐదు పాయింట్ల మొగ్గు చూపిస్తాను, తెల్లారుజామున అలారం పెట్టుకుని లేచేది మాత్రం ఫిజీ కోసమే.