బార్కస్ పొరుగు ఉక్కు – కడలి అడుగు ఉక్కు

బార్కస్ అనే పేరు ఆంగ్లములోని ‘బ్యారక్స్’ అనే మాటకు తద్భవమని హైదరాబాదు వారికి తెలిసినదే. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బసలు కాలక్రమమున పేటగా మారినవి. ఆ సైనికుల స్వస్థలము యెమెన్‌లోని హద్రమౌత్. ఆ తీరపు వారిని తరతరాలుగా మన తీరాలకు చేర్చినవి ఋతుపవనములు. ఋతువుకు అరబ్బీలో ‘మౌసిం’ అని పేరు. పోర్చుగీసువారి నోట పడి ఆ మాటే ఐరోపా భాషలకు పాకి, ఆంగ్లములో ‘మాన్సూన్’ అయినది. 1943లో జర్మన్ నౌకాదళము హిందూ మహాసముద్రానికి పంపిన జలాంతర్గాముల దండుకు పెట్టిన పేరు కూడా ఇదే. ఆ దండులోని యూ-533 అదే సంవత్సరము అక్టోబరు 16న ఒమన్ సింధుశాఖలో బ్రిటిష్ విమానపు దాడికి మునిగినది. అందులోని యాభైమందికి పైబడిన నావికులలో ఒక్కడే ప్రాణాలతో ఒడ్డు చేరినాడు. ఆ నావికులకూ సముద్రానికీ నడుమ అడ్డు నిలిచినది బొటనవ్రేలి మందమైన ఉక్కు పలక. ఆ పలక కథయే ఈ వ్యాసము.

నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకూ చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో భారము పెరుగుతుంది. రెండు వందల మీటర్ల లోతున చదరపు మీటరు మీద రెండు వందల టన్నులు! ఇంత ఒత్తిడిని చదునైన గోడ ఆపజాలదు. మన పూర్వులు బావిలో గుండ్రని ఒరలు దించినది ఎందుకు? చుట్టూ ఉన్న మట్టి ఎంత నొక్కినా వలయము ఆ భారాన్ని తన చుట్టుకొలత అంతటా పంచుకొంటుంది గనుక. జలాంతర్గామి రహస్యమూ అంతే. పైకి కనిపించే ఓడ ఆకారము నీటిని చీల్చుటకు మాత్రమే. లోపల ఉన్న గుండ్రని గొట్టమే మనుషులను కాపాడుతుంది. ఆ గొట్టము లోపలివైపున, పక్కటెముకల వలె, వరుసగా ఉక్కు వలయాలు ఉంటాయి. వలయము ఏమాత్రము వంకరయైనా భారము ఒకచోట పోగుపడి గొట్టము నలిగిపోతుంది.

జర్మనులు అన్నిటికంటె ఎక్కువగా కట్టినది ఏడవ తరగతి. అందులో ‘సి’ రకపు పడవ పొడవు 67 మీటర్లు. లోపలి గొట్టము వ్యాసము 4.7 మీటర్లు, పలక మందము 18.5 మిల్లీమీటర్లు. ఇంకా లోతుకు దిగవలసి వచ్చినప్పుడు యంత్రాల బరువు తగ్గించి, మిగిలిన ఆ బరువుతో పలకను 21 మిల్లీమీటర్లకు పెంచినారు. తేలుటకూ మునుగుటకూ నడుమ త్రాసులో నిలిచే పడవ కనుక, ఒకచోట పెంచిన ప్రతి కిలోనూ మరొకచోట తగ్గించవలసినదే.

ఆ పలకకు వాడిన ఉక్కు పేరు ‘ఎస్‌టి 52’. చదరపు మిల్లీమీటరుకు 52 కిలోల లాగుడును తట్టుకొనునని ఆ అంకెకు అర్థము. మొదట వంతెనల వంటి కట్టడాలకు ఉద్దేశించిన ఉక్కు అది. ఇక్కడ మన తెలంగాణ ఉక్కు జ్ఞాపకము రాకమానదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో కరగించిన ఉక్కు కోసము పర్షియా వర్తకులు వచ్చేవారు. డమాస్కస్ కత్తులుగా పేరు పొందినవి ఇటువంటి ఉక్కుతో చేసినవే. అయితే కత్తికి కావలసినది కాఠిన్యము. అందుకు నూటికి ఒకటిన్నర పాళ్ల వరకు కర్బనము ఉండేది. జలాంతర్గామికి అది పనికిరాదు. దెబ్బ తగిలినప్పుడు పగలక కొంత వంగే గుణము, అతుకుకు లొంగే గుణము దానికి కావలెను. అందుకే కర్బనమును సుమారు అయిదవ వంతు పాళ్లకు తగ్గించి, మాంగనీసు చేర్చినారు. లొంగుట బలహీనత కాదని లోహము చెప్పే పాఠమిది.

1943 నాటికి విమానాలు, రాడారు పాత పడవలను వేటాడసాగినవి. అప్పుడు పుట్టినది ఇరవయ్యొకటవ తరగతి. గొట్టపు అడ్డుకోత ఎనిమిది అంకె వలె ఉండేది. క్రింది భాగములో పాత పడవలకు మూడింతల బ్యాటరీలు. పలక మందము 26 మిల్లీమీటర్ల వరకు. నీటి అడుగున 17 నాట్ల వేగము. దీనిని ఎనిమిది ముక్కలుగా కట్టి, కాలువల మీద పడవలలో తెచ్చి, హాంబర్గు, బ్రెమెన్, డాన్జిగ్ నౌకాశాలలలో అతికే ఏర్పాటు చేసినవాడు ఒట్టో మెర్కర్. మోటారు వాహనాల పరిశ్రమ నుంచి వచ్చినవాడు. ఊహ గొప్పదే. కాని ముక్కలు చేసిన లోతట్టు కర్మాగారాలకు ఓడలు కట్టిన అనుభవము లేదు. అంచులు సరిగా కలియలేదు. హిట్లర్ జన్మదినానికి అందవలెనని 1944 ఏప్రిల్‌లో అసంపూర్ణముగా నీట దించిన యూ-3501ను వెంటనే మరమ్మతుకు లాగుకొనిపోవలసి వచ్చినది. 118 పడవలు సేనలో చేరినా, యుద్ధయాత్రకు బయలుదేరినవి రెండే.

బ్రెమెన్ దగ్గర ఫార్గేలో ఈ పడవలను అతుకుటకు ‘వాలెంటిన్’ అనే మహాకట్టడము మొదలుపెట్టినారు. పైకప్పు మందము కొన్నిచోట్ల ఏడు మీటర్లు. వేలాది బందీలు, బలవంతపు కూలీలు దానిని కట్టినారు. వెయ్యిమందికి పైగా అక్కడే మరణించినారు. అక్కడ ఒక్క పడవయైనా తయారుకాలేదు. ఇక కడలిపై, జర్మన్ జలాంతర్గాములలో పనిచేసిన సుమారు నలభైవేల మందిలో దాదాపు ముప్పైవేల మంది తిరిగిరాలేదు. వారి టార్పెడోలకు మునిగిన వర్తక నౌకలలో మన భారతీయ లస్కర్లూ ఉన్నారు. లోహశాస్త్రము గురించి వ్రాసేటప్పుడు ఈ లెక్క మరచిపోరాదు.

యుద్ధానంతరము ఆ ఇరవయ్యొకటవ తరగతి విద్యను విజేతలు పంచుకొన్నారు. సోవియట్ జలాంతర్గాముల మీద దాని ప్రభావము స్పష్టము. ఆ వంశములోనిదే 1969లో మన నౌకాదళములో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి విశాఖ తీరాన ప్రదర్శనశాలగా నిలిచిన కుర్‌సురా. దాని ఇరుకు ద్వారాలలో తలవంచి నడిచినవారికి వలయాకారపు రహస్యము కన్నులకు కట్టుతుంది.

బార్కస్ పొరుగున ఉన్న కంచన్‌బాగ్‌లో రక్షణ లోహపరిశోధన ప్రయోగశాల, మిశ్రధాతు నిగమ్ ఉన్నవి. యుద్ధనౌకలకు తగిన ‘డీఎంఆర్ 249’ ఉక్కును ఆ ప్రయోగశాల రూపొందించినది. 2022లో నౌకాదళములో చేరిన విక్రాంత్ దానితో కట్టినదే. మౌసిం గాలులపై వచ్చినవారి పేట ఒకవైపు, కడలికి ఉక్కు నేర్పే శాల మరొకవైపు. పలక ఎంత గట్టిదైనా, అతుకు వేసే చేతికి ఓర్పు లేకపోతే ఆ లోపలి మనిషికి రక్షణ లేదని చరిత్ర చెప్పినది. ఆ చేతులకు పని నేర్పే తీరిక ఇచ్చుటయే ఏ దేశానికైనా మొదటి కవచము.