ఏ రంగు పంపమంటారు?

కొనేవారు ఇంకా సరే అనకముందే, సరే అన్నట్టుగా మాట్లాడి బేరం ముగించడం పాత నేర్పే. దాన్ని కాగితం మీద పెట్టి, ఏజెంట్ల చేత కంఠస్థం చేయించిన ఘనత మాత్రం అమెరికాలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీకి దక్కుతుంది.

ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో మద్యం దుకాణం నడిపిన జేమ్స్ రిటీ, పనివాళ్ళు గల్లాపెట్టెలో చేయి పెడుతున్నారన్న బాధతో సోదరుడితో కలిసి క్యాష్ రిజిస్టర్ అనే యంత్రం తయారుచేసి 1879లో పేటెంటు పొందాడు. 1884లో జాన్ ప్యాటర్సన్ ఆ వ్యాపారాన్ని కొన్నాడు; అదే ఈ కంపెనీ అయింది. అమ్మకం అంత తేలిగ్గా సాగలేదు. ఈ యంత్రం తమను దొంగలుగా చూస్తోందని గుమాస్తాలు దాన్ని ద్వేషించారు. అది లేకపోయినా కొట్టు నడుస్తుందని యజమానులు నమ్మారు. ఎవరూ అడగని వస్తువును అమ్మాలంటే మాటే పెట్టుబడి. కంపెనీలో బాగా అమ్మగలిగిన, ప్యాటర్సన్‌కు బంధువు కూడా అయిన జోసెఫ్ క్రేన్ వర్తకుడితో ఎలా మాట్లాడేవాడో అలాగే రాయించి 1887లో చిన్న పుస్తకంగా వేశారు. ఏజెంట్లంతా దాన్ని అప్పజెప్పాల్సిందే.

పలకరింపు, ప్రతిపాదన, యంత్రాన్ని చూపించడం అయ్యాక చివరి ఘట్టం వస్తుంది. అక్కడ కొంటారా అని అడగకూడదు. కొనడం ఖాయమనుకుని ఏ రంగుది పంపాలో, ఎప్పటికి చేరాలో అడగాలి. ఆర్డరు ఫారం తానే నింపి, కలం చేతికిచ్చి, సంతకం పెట్టాల్సిన చోటు చూపాలి.

ఈ ప్రశ్నల బలం అవి అడిగే విషయంలో లేదు, అడగకుండా దాటేసిన విషయంలో ఉంది. రంగు చెప్పినవాడు కొనడానికి ఒప్పుకున్నట్టే. ఒప్పుకోనివాడు జవాబు ఆపి, ఎదుటివాడు ఎత్తని మాటను తానే ఎత్తి కాదనాలి. మర్యాద తెలిసిన మనిషికి అది కష్టం. ఈ పద్ధతిలోని అన్యాయం మొదలయ్యేది కూడా ఇక్కడే: మొగమాటాన్ని అంగీకారంగా లెక్కవేస్తుంది.

1930లలో అమ్మకాల శిక్షకుడు ఎల్మర్ వీలర్ ఇదే సూత్రాన్ని ఒక్కొక్క వాక్యం స్థాయికి తెచ్చాడు. వాల్‌గ్రీన్ మందుల దుకాణాల్లో పానీయాల కౌంటర్లు కూడా ఉండేవి. మాల్టెడ్ మిల్క్‌లో గుడ్డు వేయమంటారా అని అడిగితే చాలామంది వద్దనేవారు. గుడ్డు ఒకటా, రెండా అని అడగమని వీలర్ నేర్పాడు. ఒకటి చాలు అన్నవారు పెరిగారు. కొంటారా లేదా అన్నది కాదు, ఏది కొంటారన్నదే అడగాలన్న ఈ సలహాను 1937లో వచ్చిన తన పుస్తకంలో ఒక నియమంగా పెట్టాడు.

అమ్మకందారులతో సంబంధం లేకుండానే తత్వవేత్తలు ఈ మర్మాన్ని పరిశీలించారు. 1892లో గాట్లాబ్ ఫ్రేగె, 1950లో పి.ఎఫ్. స్ట్రాసన్ వాక్యం వెనక దాగిన పూర్వభావనను చర్చించారు. "మీ తమ్ముడు కొట్టు మళ్ళీ తెరిచాడా?" అన్న ప్రశ్నకు అవునన్నా కాదన్నా తమ్ముడున్నాడని, కొట్టు ఒకసారి మూతపడిందని ఒప్పుకున్నట్టే అవుతుంది. కాదనడం వాక్యంలో చెప్పినదాన్ని కొట్టేస్తుంది కానీ దాని కింద పరిచినదాన్ని కదిలించదు.

ఆ పరిచినది జ్ఞాపకంలోకీ చొరబడుతుంది. మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లోఫ్టస్, గైడో జాన్నీ 1975లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి కారు ప్రమాదం చిత్రం చూపారు. పగిలిన హెడ్‌లైట్ ఏదైనా చూశారా అని అడిగితే వచ్చిన అవునుల కంటే, అది ఉన్నట్టే ధ్వనించేలా అడిగినప్పుడు వచ్చిన అవునులు ఎక్కువ. చిత్రంలో అలాంటి హెడ్‌లైటే లేదు. అదే ఏడాది రిచర్డ్ బ్యాండ్లర్, జాన్ గ్రైండర్ వశీకరణ వైద్యుడు మిల్టన్ ఎరిక్సన్ మాటతీరును విశ్లేషించారు. వారు రూపొందించిన న్యూరో-లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్ (ఎన్‌ఎల్‌పీ) ద్వారా పూర్వభావన అన్న పదమే అమ్మకాల శిక్షణ తరగతుల్లోకి చేరింది.

చట్టం ఇలాంటి అమ్మకపు వాక్యాలను నిషేధించలేదు, వెనక్కి తగ్గడానికి వ్యవధి ఇచ్చింది. ఇంటింటి అమ్మకాల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1972లో చేసిన నియమం ప్రకారం కొన్నవారు మూడు పనిదినాల్లోగా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఇప్పుడు కొనడం ఖాయమన్న ఆ ఊహ మాటల్లోంచి తెరల మీదికి మారింది. విమానం టికెట్ తీసుకుంటే ప్రయాణ బీమా దానంతటదే బిల్లులో చేరడం అలాంటిదే. కావాలా అన్న ప్రశ్న కూడా అక్కడ ఉండదు. భారత ప్రభుత్వం 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాలు ఇలాంటి 13 రకాల మోసపూరిత తెర ఎత్తులను, అంటే డార్క్ ప్యాటర్న్‌లను, నిషేధించాయి. వినియోగదారు సమ్మతి లేకుండా బుట్టలో వస్తువు చేర్చడం వాటిలో ఒకటి.